రిలీవర్ లేని షిఫ్ట్ వద్దు

ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ పెద్దవాళ్లను చూసుకునేవారి కోసం

రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటి సంగారెడ్డి దాకా, ముంబయి హైవేకి అటూ ఇటూ ఉన్న ఊళ్లు సైరన్ మోతకు నిద్రలేచిన ఊళ్లు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన తర్వాతి ఏళ్లలో ఈ పట్టీ అంతా మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, యంత్రాల కంపెనీలు పెరుగుతూ పోయాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. ఆ రోజుల్లో ఇరవై, పాతికేళ్ల వయసులో టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు లోపలికి నడిచినవాళ్లు ఇప్పుడు డెబ్బై దగ్గర కొందరు, ఎనభై దాటి కొందరు ఉన్నారు.

వాళ్ల పిల్లల్లో చాలామంది గచ్చిబౌలిలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో ఆ ఉద్యోగం లాప్‌టాప్ రూపంలో బీరంగూడ ఇంటికి, సంగారెడ్డి ఇంటికి వచ్చింది. తర్వాత చాలా కంపెనీలు వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నాయి. మిగతా రోజులు ఇంట్లోనే. అలా ఒక గదిలో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసి రిటైరైన నాన్న, పక్క గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటింగ్‌లో కూర్చున్న కొడుకో కూతురో. ఈ అధ్యాయం ఆ కొడుకు కోసం, ఆ కూతురి కోసం.

ఈ పట్టీలోని ఏ ఫ్యాక్టరీలోనైనా పాటించే నియమం ఒకటుంది. రిలీవర్ వచ్చి మిషన్ చేతికి తీసుకునేదాకా ఎవరూ షిఫ్ట్ దిగరు. రిలీవర్ వచ్చాక దిగాల్సినవాళ్లు అక్కడ ఉండరు కూడా. దిగేవాడు ఏం జరిగిందో లాగ్‌బుక్‌లో రాసి వెళ్తాడు. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం వయోజన కార్మికుల చేత వారానికి 48 గంటలకు మించి, రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదంది. అరగంట విరామం లేకుండా ఏకబిగిన 5 గంటలు దాటకూడదంది. వారానికి ఒక రోజు సెలవు తప్పనిసరి అంది. మీ నాన్న యవ్వనాన్ని కాపాడింది ఈ నియమాలే. ఆయన ముసలితనాన్ని, దానితోపాటు మీ ఆరోగ్యాన్ని కాపాడేవీ ఇవే. ఇంట్లో సంరక్షణకు కూడా షిఫ్ట్ ఉండాలి, లాగ్‌బుక్ ఉండాలి, రిలీవర్ ఉండాలి, వారానికొక సెలవు ఉండాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఈ నాలుగింటి గురించే.

ఇంట్లోనే ఉంటవ్ కదా

ఈ ఒక్క మాటతోనే భారమంతా ఒకరి నెత్తిన పడుతుంది. "నువ్వు ఇంట్లనే ఉంటవ్ కదా, నాయినను నువ్వే చూస్కో" అంటుంది అక్క. "ఇంట్లోనే ఉన్నావుగా, ఇంకో అరగంట కాల్‌లో ఉండు" అంటాడు మేనేజర్. "ఇంట్లనే ఉన్నవ్ కదా బిడ్డా, జర ఇటు రా" అంటుంది అమ్మ. ముగ్గురి మాటా న్యాయంగానే ఉంటుంది. కానీ ముగ్గురూ అడుగుతున్నది మీ దగ్గరున్న ఆ ఒక్క రోజునే.

ఒకే సమయంలో రెండు పనులూ చేయగలమని నమ్మడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. కాల్‌లో ఉండగా తల్లికి అన్నం తినిపించడం, స్నానం చేయిస్తూ ఫోన్‌కు జవాబివ్వడం, రాత్రంతా షిఫ్ట్ చేసి పగలంతా మేలుకోవడం. కొన్ని నెలల్లో ఆఫీసులో తప్పులు దొర్లుతాయి. ఇంట్లో గొంతు పెరుగుతుంది. ఆ తర్వాత మనసులో రెండే దారులు మిగులుతాయి: ఉద్యోగం మానేయడం, లేదంటే అమ్మను ఇంకెక్కడికైనా పంపించడం. ఆ రెండింటికీ వెళ్లకముందు చేయాల్సిన పని చాలా ఉంది. అది కాగితం, పెన్నుతో మొదలవుతుంది.

ముందు అమ్మ రోజును రాయండి

ఆఫీసు క్యాలెండర్ ముందు పెట్టుకుని అందులో ఖాళీ ఎక్కడుందా అని వెతకొద్దు. మొదట అమ్మదో నాన్నదో రోజు ఎలా సాగుతుందో రాయండి. ఒక వారం పాటు, ఏ గంటకు ఏ సాయం అవసరమైందో గమనించి రాయండి. నిద్ర లేచేది ఎప్పుడు, బాత్రూమ్‌కు వెళ్లేది ఎన్నిసార్లు, షుగర్ గోలీ అన్నానికి ముందా తర్వాతా, స్నానానికి ఎంతసేపు, కునుకు ఎప్పుడు, చిరాకు ఎప్పుడు.

రాశాక ఆ పనుల్ని మూడుగా విడదీయండి. మొదటివి వేళ తప్పకూడనివి: ఇన్సులిన్, బీపీ గోలీ, అన్నం, మంచాన ఉన్నవాళ్లను పక్కకు తిప్పడం. మంచం దిగలేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అవి ఒకసారి పడితే మానడానికి నెలలు పడుతుంది. రెండోవి వేళ మార్చుకోగలిగినవి: స్నానం, ఫిజియోథెరపీ వ్యాయామం, గోళ్లు తీయడం, బట్టలు మార్చడం. మూడోవి ఎప్పుడు వస్తాయో తెలియనివి: బాత్రూమ్ పిలుపు, దగ్గు తెర, ఒంటరిగా ఉన్నానన్న దిగులు.

ఈ జాబితా చూస్తే ఊరట కలుగుతుంది. రోజంతా అమ్మ దగ్గరే ఉండాల్సి వస్తోందని అనిపించినా, నిజానికి వేళ తప్పకూడని పనులు కొన్నే. అవి తెలిశాయంటే వాటి చుట్టూ రోజును కట్టుకోవచ్చు.

ఆఫీసు పని కూడా మూడు రకాలే

మీరు మాట్లాడి తీరాల్సిన మీటింగులు ఒక రకం. మనసు పెట్టి చేయాల్సిన పని, అంటే కోడ్, లెక్కలు, నివేదిక, రెండో రకం. మెయిళ్లు, టైమ్‌షీట్లు, మీరు విని ఊరుకుంటే సరిపోయే మీటింగులు మూడో రకం.

ఇప్పుడు రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టండి. అమ్మ మధ్యాహ్నం గంటన్నర నిద్రపోతుందనుకుందాం. ఆ గంటన్నర బంగారం. దాన్ని మెయిళ్లకు ఖర్చు చేయకండి. మనసు పెట్టాల్సిన పనికే దాచండి. ఉదయం అమ్మ లేచి తిరుగుతూ, పదేపదే పిలిచే వేళలో మూడో రకం పనులు పెట్టుకోండి. మీరు మాట్లాడి తీరాల్సిన మీటింగు ఉన్న వేళకు మాత్రం ఎవరో ఒక మనిషి అమ్మ దగ్గర ఉండాలి. భార్యో, భర్తో, పక్కింటి ఆవిడో, గంటల లెక్కన వచ్చే ఆయానో. ఆ గంటకు మనిషి లేకపోతే మీటింగ్ వేళ మార్చమని ముందురోజే అడగండి. కాల్ మధ్యలో లేచి పరుగెత్తడం కన్నా ముందురోజు అడగడం ఎప్పుడూ గౌరవంగా ఉంటుంది.

అమెరికా కంపెనీలకు పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్ల మీటింగులు మన సాయంత్రం మొదలవుతాయి. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి పొద్దుగూకే వేళే కలవరం ఎక్కువవుతుంది. "ఇంటికి పోదాం పా" అంటారు, ఉన్నది సొంతిల్లే అయినా. తలుపు దగ్గరికి నడుస్తారు. తెలిసిన మనుషులనే ఎవరని అడుగుతారు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణం. చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేయండి. మధ్యాహ్నం నిద్ర మరీ ఎక్కువ కాకుండా చూడండి. మధ్యాహ్నం తర్వాత టీ తగ్గించండి. సాయంత్రం ఐదు గంటల వేళ చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించండి. చేతికి పని ఇవ్వండి: చిక్కుడుకాయలు తుంచడం, బట్టలు మడవడం. వాదించకండి. "పోదాం తీ అమ్మా, ముందు చాయ్ తాగుదాం" అంటే చాలాసార్లు మనసు మళ్లుతుంది. మీ మొదటి మీటింగును అరగంట వెనక్కి జరపగలిగితే ఆ కలవరపు వేళలో మీరే పక్కన ఉండొచ్చు.

ఇక నిద్ర. రాత్రి షిఫ్ట్ చేసినవాళ్లు పగలు ఆరేడు గంటలు నిద్రపోవాల్సిందే. ఆ వేళకు రిలీవర్ ఖాయంగా ఉండాలి. నిద్ర చాలని మనిషి ఇన్సులిన్ మోతాదు తప్పు వేసే ప్రమాదం ఉంది. అందుకని మీ నిద్రను కూడా అమ్మ మందుల పట్టికలో ఒక మందుగా రాసుకోండి.

మొదటి ఒప్పందం పెద్దవాళ్లతోనే

ఆ రెండు జాబితాలూ కలిపి ఎవరు ఏ వేళ ఉండాలో పట్టిక తయారయ్యాక మొదట చూపించాల్సింది నాన్నకే. ఆయన రోజు గురించి ఆయన్ను అడగకుండా నిర్ణయించడం అవమానం. స్నానం పొద్దున కావాలా, మధ్యాహ్నమా? జొన్నరొట్టె నమలలేకపోతున్నారా, జావ చేయమంటారా? ఏ వేళ మనిషి తోడు కావాలనిపిస్తుంది? అడగండి. షిఫ్టుల్లో బతికిన మనిషికి పట్టిక అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. "నాయినా, నాది పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా డ్యూటీ. ఒంటిగంటకు నీ దగ్గరికొస్త, ఇద్దరం తిందాం" అని చెప్పండి. చెప్పిన వేళకు వెళ్లండి. రెండు వారాలు మాట తప్పకపోతే మధ్యలో పిలుపులు వాటంతటవే తగ్గుతాయి. పెద్దవాళ్లు పదేపదే పిలిచేది చాలాసార్లు పనికోసం కాదు, మీరు మళ్లీ వస్తారో రారో తెలియక.

మంచం పక్కన రిమోట్ కాలింగ్ బెల్ పెట్టండి. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఒకసారి నొక్కితే "తీరినప్పుడు రా", రెండుసార్లు నొక్కితే "ఇప్పుడే రా" అని ఇద్దరూ అనుకోండి. రెండుసార్లు మోగితే ఏ మీటింగ్ అయినా వదిలి వెళ్లండి. ఆ నమ్మకం ఉంటే ఆయన అనవసరంగా రెండుసార్లు నొక్కరు. మతిమరుపు ఉన్నవాళ్లకు ఈ బెల్ పనికిరాదు, వాళ్ల దగ్గర మనిషే ఉండాలి. గదిలో కెమెరా పెట్టాలనుకుంటే అడిగి పెట్టండి. బట్టలు మార్చుకునే వైపు, బాత్రూమ్ వైపు పెట్టకండి.

పని మొత్తం మీరే చేసేయకండి. లేటయినా సరే, గుండీలు ఆయన్నే పెట్టుకోనివ్వండి. చేయగలిగిన పనిని చేతిలోంచి లాక్కుంటే కొన్నాళ్లకు ఆ పని నిజంగానే రాకుండా పోతుంది. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆయన్ను ఆటోలో ఎక్కించుకుని బ్యాంకుకు తిప్పాల్సిన అవసరం లేదు. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోన్ ముందు ముఖం చూపిస్తే ఇంటి నుంచే అయిపోతుంది. ఆ పని మాత్రం ఆయన పక్కన కూర్చుని, ఏం చేస్తున్నారో చెబుతూ చేయండి. అది ఆయన పెన్షన్.

రెండో ఒప్పందం ఆఫీసుతో

మనదేశంలో ప్రైవేటు ఉద్యోగికి తల్లిదండ్రుల సంరక్షణ కోసమని చట్టం ప్రత్యేకంగా ఇచ్చిన సెలవు లేదు. జపాన్‌లో ఉంది. అక్కడ సంరక్షణ అవసరమైన ఒక్కో కుటుంబ సభ్యుడికి 93 రోజులు, మూడు విడతలుగా తీసుకోవచ్చు. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఒక వారం జీతం లేని సెలవును హక్కుగా ఇచ్చింది. మన దగ్గర ఆ రోజు రావాలి. అప్పటిదాకా మీ హక్కు మీ కంపెనీ పాలసీలో, మీ మేనేజర్‌తో మీరు కుదుర్చుకునే మాటలో ఉంటుంది. కాబట్టి ఆ మాట సరిగ్గా అడగాలి.

"ఇంట్లో సమస్యలున్నాయి సార్, కొంచెం చూడండి" అంటే ఆయనకు ఏం చూడాలో తెలియదు. ఇలా చెప్పి చూడండి: "మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కోలుకోవడానికి ఆరు నెలలు పట్టొచ్చని డాక్టర్ చెప్పారు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా నేను ఆయన దగ్గర ఉండాలి. ఆ గంటన్నర పనిని రాత్రి ఎనిమిది తర్వాత పూర్తి చేస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేయండి, పది నిమిషాల్లో లైన్‌లోకి వస్తాను. నెల తర్వాత ఇది ఎలా నడుస్తోందో మళ్లీ మాట్లాడుకుందాం." ఇందులో కారణం ఉంది, గడువు ఉంది, వేళ ఉంది, బదులు ఉంది, మళ్లీ చూసుకునే తేదీ ఉంది. ఒప్పుకున్నాక అదే విషయం మెయిల్‌లో రాసి పెట్టుకోండి. మేనేజర్లు మారుతుంటారు.

ఆఫీసుకు వెళ్లే రోజుల్ని కూడా అడిగి ఖాయం చేసుకోండి. సంగారెడ్డి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు పోయి రావడమంటే ట్రాఫిక్‌తో కలిపి రోజులో మూడు గంటలు రోడ్డు మీదే కరిగిపోవచ్చు. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా దూరం దూరమే. ఏ రోజు వెళ్తారో ముందే తెలిస్తే ఆ రోజు అక్కో వదినో రాగలదు, ఆయాను రమ్మనొచ్చు. ప్రతివారం రోజులు మారుతుంటే ఎవరూ రాలేరు. కాబట్టి తక్కువ రోజులు కావాలని అడిగే ముందు మారని రోజులు కావాలని అడగండి. అది దొరకడం సులువు, ఉపయోగం ఎక్కువ.

మూడో ఒప్పందం తోబుట్టువులతో

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో పిల్లలంటే కొడుకులూ కూతుళ్లూ ఇద్దరూ. దగ్గరున్నవాడిది ఎక్కువ, దూరమున్నవాడిది తక్కువ అని అందులో లేదు. అమ్మ అందరి అమ్మ. ఈ సంగతిని కోర్టు మాటగా కాక, పండక్కి అందరూ కలిసినప్పుడు ఇంటి మాటగా మాట్లాడుకోండి.

పాశమైలారంలో షిఫ్ట్ చేసే తమ్ముడు డబ్బు ఇవ్వలేకపోవచ్చు. కానీ వారపు సెలవు రోజు నాన్న దగ్గర ఉండగలడు, నైట్ షిఫ్ట్ లేని వారం రెండు రాత్రులు పడుకోగలడు. డాలస్‌లో ఉన్న చెల్లెలు రాత్రి మేలుకోలేదు. కానీ ఆయా జీతం ఇవ్వగలదు, బీమా క్లెయిములు ఆన్‌లైన్‌లో చూడగలదు, మందులు ఆర్డర్ చేయగలదు. వేసవి కాలమానంలో అక్కడ ఉదయం ఏడున్నర అయితే ఇక్కడ సాయంత్రం ఆరు. ఆమె రోజూ ఆ వేళకు అమ్మతో అరగంట వీడియోలో మాట్లాడితే, సరిగ్గా కలవరం మొదలయ్యే వేళ అమ్మకు తోడు దొరికినట్టే. పాత పెళ్లిళ్ల ముచ్చట్లు, చిన్ననాటి ఊరి సంగతులు అడగమనండి. నిన్నటి మాట మరిచినా నలభై ఏళ్ల నాటి మాట గుర్తుంటుంది.

ఇంకో మాట మనసులోంచి చెబుతున్నాను. ఇంటి నుంచి పనిచేసే కొడుకు "అమ్మను నేనే చూసుకుంటున్నా" అంటాడు. స్నానం చేయించేది, పక్క బట్టలు ఉతికేది, పథ్యం వండేది భార్య. 2024 టైమ్ యూజ్ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేస్తున్నారని, మగవాళ్లలో ఆ సంఖ్య 21.4 శాతమని తేలింది. ఆ పని చేసేవాళ్లలోనూ మహిళలు రోజుకు సగటున 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పట్టికలో మీ పేరు రాసేటప్పుడు నిజం రాయండి. కోడలి పేరు ఎన్ని గంటల పక్కన ఉందో లెక్కపెట్టండి. ఆమెకూ ఉద్యోగం ఉంటే ఈ పని రెండో ఉద్యోగం. మగవాళ్లు నాన్నకు స్నానం చేయించడం, డైపర్ మార్చడం నేర్చుకోవాలి. ఫిజియోథెరపిస్ట్‌ను అడిగితే మంచం మీంచి కుర్చీలోకి ఎలా మార్చాలో గంటలో నేర్పుతారు. అది తెలియకుండా ఎత్తితే మీ నడుము పట్టేస్తుంది.

లాగ్‌బుక్

ఒక పొడుగు నోట్‌బుక్ కొనండి. మంచం పక్కన దారం కట్టి వేలాడదీయండి. తేదీ, వేళ, బీపీ, షుగర్, తిన్నది, వేసిన గోలీలు, విరేచనం, నిద్ర, కొత్తగా కనిపించినది ఏదైనా. దిగేవాళ్లు రాయాలి, ఎక్కేవాళ్లు చదవాలి. ఇంత చిన్న పని మూడు పెద్ద ప్రమాదాలను ఆపుతుంది: ఒకే గోలీ ఇద్దరు వేయడం, ఎవరూ వేయకపోవడం, డాక్టర్ ముందు కూర్చుని ఏమీ గుర్తుకు రాకపోవడం. నోట్‌బుక్ మొదటి పేజీలో జబ్బుల పేర్లు, ప్రస్తుతం వాడుతున్న మందులు, పడని మందులు, రక్తం గ్రూపు, డాక్టర్ ఫోన్ నంబర్ రాయండి. హడావుడిలో ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ నోట్‌బుక్ ఒక్కటి పట్టుకుంటే చాలు.

ఆపద వేళ ఆలోచించొద్దు

ఆపదలో ఏం చేయాలో ముందే గోడ మీద రాసి ఉండాలి. ముఖం ఒక పక్కకు వాలినా, ఒక చేయి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమని అనుమానించి వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తం గడ్డను కరిగించే సూది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. అదీ తల స్కాన్ తీశాకే వేస్తారు. కాబట్టి మీ ఇంటికి దగ్గర్లో రాత్రింబవళ్లు సీటీ స్కాన్ తీసే ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కోండి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో లాగ్‌బుక్‌లో రాయండి. డాక్టర్ మొదట అడిగేది అదే.

షుగర్ మందులు వాడేవాళ్లకు చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడితే షుగర్ మిషన్‌తో చూడండి. 70 కంటే తగ్గి, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి చేయండి.

ఆపదల్లో ఎక్కువ జరిగేది పడిపోవడం. బాత్రూమ్‌లో గోడకు పట్టుకునే స్టీలు కడ్డీలు బిగించండి. కాలు జారని మ్యాట్ వేయండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. దారిలో పట్టాలు, చార్జర్ వైర్లు తీసేయండి. మీ లాప్‌టాప్ వైరు కూడా వాటిలో ఒకటని గుర్తుంచుకోండి.

డబ్బు లెక్క

ఇక్కడి ప్రైవేటు ఫ్యాక్టరీల్లో రిటైరైనవాళ్లలో చాలామందికి వచ్చేది ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) పెన్షన్. 2014లో దాని కనీస మొత్తాన్ని నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. ఆ డబ్బు మందులకే చాలదు. అందుకే ఆవేశంలో ఉద్యోగం మానేయడం సేవ అనిపించినా, మీ జీతం ఆగితే ఆయన మందులూ ఆగుతాయి. రాజీనామా చేసే ముందు కొన్ని దారులు చూడండి.

ఇంట్లో ఎవరికైనా ఈఎస్‌ఐ ఉందా? 2017 నుంచి నెలకు 21 వేల రూపాయల దాకా జీతం ఉన్న కార్మికులు దాని కిందికి వస్తారు. వాళ్ల మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. రామచంద్రాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. డబ్బు ఇవ్వలేనని కుంగిపోయే ఆ తమ్ముడి కార్డులో అమ్మ పేరు చేరిస్తే అది పెద్ద సాయమే. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్‌తో నమోదు చేయించి, మీకు దగ్గరి ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో ముందే అడిగి పెట్టుకోండి. మీ కంపెనీ బీమాలో తల్లిదండ్రులను చేర్చే అవకాశం ఏటా కొద్ది రోజులే ఉంటుంది, ఆ తేదీ తప్పొద్దు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల బీమా ప్రీమియం మీద ఏటా 50 వేల రూపాయల దాకా మినహాయింపు ఉంది.

ఇలా మిగిలే డబ్బుతో మొదట కొనాల్సింది మనిషి సమయం. రోజుకు నాలుగు గంటలు వచ్చే ఆయా జీతాన్ని ఖర్చుగా చూడకండి. మీ ఉద్యోగాన్ని నిలబెట్టే పెట్టుబడిగా చూడండి. ఆమె పేరు కూడా పట్టికలో రాయండి. లాగ్‌బుక్ రాయడం నేర్పండి. ఆమెకూ వారానికొక సెలవు ఇవ్వండి.

మీ వీక్లీ ఆఫ్

పట్టికలో అందరి పేర్లూ రాశాక, మీ పేరు లేని ఒక పూట కనిపించాలి. కనిపించకపోతే పట్టిక పూర్తి కానట్టే. ఆ పూట మీరు నిద్రపోండి, స్నేహితుణ్ని కలవండి, సింగూరు డ్యామ్ దాకా బండి మీద వెళ్లి రండి. తల్లిని వదిలి వచ్చానన్న దిగులు మొదట్లో ఉంటుంది. కానీ అలసిపోయిన చేయి గరుకుగా తాకుతుంది, పెద్దవాళ్లకు అది వెంటనే తెలుస్తుంది. మీ విశ్రాంతి ఆమెకే చేరుతుంది.

నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, అమ్మ మీద చెయ్యెత్తాలనిపించేంత కోపం రావడం జరిగితే, అది మీరు చెడ్డవాళ్లని కాదు. రిలీవర్ లేకుండా చాలాకాలం షిఫ్ట్‌లో ఉన్నారని. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. పెద్దవాళ్లకు సంబంధించిన ఏ సమస్యకైనా ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఇంటి పట్టిక ఒక్కటే సరిపోదు. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాల్సి రావడం, రాత్రుళ్లు తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోవడం, పుండ్లు పడటం, తిన్నది గొంతుకు అడ్డం పడుతూ ఉండటం. అప్పుడు డాక్టర్‌ను కలిసి ఇంటికి నర్సును పెట్టుకోవాలా, కొన్నాళ్లు సంరక్షణ కేంద్రంలో ఉంచాలా అని మాట్లాడండి. నలుగురు ఏమంటారోనన్న భయంతో ఆ మాట వాయిదా వేయకండి. ఆ రోజు మీరు తీసుకునే నిర్ణయం అమ్మను వదిలేయడం కాదు, మీకన్నా బాగా చూడగలిగిన రిలీవర్‌కు అప్పగించడం. ఆమెను చూడటానికి రోజూ మీరే వెళ్తారు.

ఈ వారం చేయాల్సిన పనులు

1. నోట్‌బుక్ కొని, ఈ రోజు నుంచే అమ్మదో నాన్నదో రోజును గంటల వారీగా రాయడం మొదలుపెట్టండి.

2. ఆ పనుల్ని మూడు రకాలుగా, మీ ఆఫీసు పనిని మూడు రకాలుగా విడదీసి పక్కపక్కన పెట్టండి.

3. వచ్చే నెలలో ఆఫీసుకు వెళ్లే రోజులు మారకుండా ఉండేలా మేనేజర్‌ను అడగండి. ఒప్పుకున్నది మెయిల్‌లో పెట్టండి.

4. తోబుట్టువులందరితో ఒకే కాల్‌లో మాట్లాడండి. ఒక్కొక్కరి పేరు పక్కన ఒక పని, ఒక వేళ రాయండి. "వీలైనప్పుడు చూస్తా" అన్నది పట్టికలో రాయదగిన మాట కాదు.

5. 108, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి, డాక్టర్, పక్కింటివాళ్ల నంబర్లు పెద్ద అక్షరాల్లో గోడకు అంటించండి.

6. బాత్రూమ్‌లో కడ్డీలు బిగించండి. దీన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేయొద్దు.

7. మీ వీక్లీ ఆఫ్ ఏ పూటో పట్టికలో రాసి, ఆ పూటకు రిలీవర్ పేరు కూడా పక్కనే రాయండి.

మొదటి వారం పట్టిక తప్పుతుంది. రెండో వారం సగం నడుస్తుంది. ప్రతి ఆదివారం రాత్రి పావుగంట కూర్చుని, ఏ గంటకు మనిషి లేకపోయాడో చూసి దిద్దుకోండి. జబ్బు మారినకొద్దీ మళ్లీ దిద్దాలి. పెద్దవాళ్లను చూసుకోవడం నెలల పని కాదు, ఏళ్ల పని. ఏళ్ల తరబడి చేయాల్సిన పనిని ఏ ఒక్క మనిషీ, ఎంత ప్రేమ ఉన్నా, ఒంటిచేత్తో చేయలేరు. ఈ పట్టీలోని ఫ్యాక్టరీలు దశాబ్దాలుగా రాత్రింబవళ్లు నడిచింది మనుషులు షిఫ్టులు పంచుకున్నందుకే. మీ నాన్న ఆ పద్ధతిలో జీవితమంతా పనిచేశారు. ఆయన కోసం ఇంట్లో అదే పద్ధతి పెట్టండి, మొదటి పట్టిక ఆయన పక్కన కూర్చునే రాయండి.